వెనక బండి, ముందు మావయ్యగారు

మీకు చక్రాల మీద ఇల్లు ఉందనుకోండి. పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్, ఆరుగురికి పడకలు. క్యాంపులో దాన్ని నిలిపి, టైర్ల కింద దిమ్మలు పెట్టి నేల సమం చేసి, కరెంటు వైరు, నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం తగిలించి, అమ్మయ్య అని కూర్చున్నారు. అప్పుడు మా ఆవిడ లాంటి వాళ్ళెవరో ఫ్రిజ్ తెరిచి, "పెరుగులోకి తోడుంది గానీ పాలేవీ?" అంటారు. కొట్టు నాలుగు మైళ్ళు. పాల కోసం ఇల్లంతా పీక్కుని బయల్దేరాలి.

అమెరికాలో ఆర్‌వీ వేసుకుని తిరిగే ప్రతివాడికీ మొదటి ట్రిప్పులోనే ఈ జ్ఞానం కలుగుతుంది. కొందరు వెనకాల కారు కట్టుకు లాగుతారు. కొందరు సైకిళ్ళతో సరిపెట్టుకుంటారు. మా బావమరిదికి మాత్రం మోటార్‌సైకిల్ కావాలి. వాడి దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఉంది, 411 సీసీ. బోతెల్‌లో గరాజ్‌లో కారు వానలో తడుస్తున్నా సరే, బండి మాత్రం లోపల దుప్పటి కప్పుకుని ఉంటుంది.

కిందటి వేసవిలో గ్లేసియర్ నేషనల్ పార్క్‌కి వెళదామన్నప్పుడు వాడి వాదనకి మంచి ఆధారం కూడా దొరికింది. మోంటానాలో ఆ పార్క్ నడుమ కొండల మీదుగా వెళ్ళే రోడ్డు పేరు గోయింగ్ టు ద సన్ రోడ్. 1933లో తెరిచారు. కొండని తొలిచి వేసిన దారి కాబట్టి నడిమి భాగంలో 21 అడుగుల కంటే పొడవు, 8 అడుగుల కంటే వెడల్పు ఉన్న బళ్ళని రానివ్వరు. ఆ వెడల్పులో అద్దాలు కూడా కలిపే లెక్క. మా ఆర్‌వీ 31 అడుగులు. "అంత దూరం పోయి కొండ కింద కూర్చుని పకోడీలు తినొద్దామా బావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో కారణం ఉంది, అది వాడు పైకి చెప్పలేదు. వాళ్ళ నాన్న, అంటే మా మావయ్యగారు, అప్పటికి నెల కిందట తెనాలి నుంచి వచ్చారు. ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవరు. డ్యూటీలో బస్సు, ఇంటికొస్తే బుల్లెట్. అత్తయ్యగారిని వెనక కూర్చోబెట్టుకుని సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళేవారట. ఆవిడ పోయి రెండేళ్ళయింది, బుల్లెట్ అంతకు ముందే అమ్మేశారు. అమెరికా వచ్చాక ఆయన మొహంలో కాస్త వెలుగు కనిపించింది గరాజ్‌లో ఆ దుప్పటి తీసినప్పుడే.

సరే, బండిని ఎలా మోయాలి? ఉన్న దారులు మూడు. వెనక భాగం గరాజ్‌లా ఉండి, తలుపు కిందికి దించితే ర్యాంప్ అయ్యే ఆర్‌వీలు ఉన్నాయి. వాటిని టాయ్ హాలర్ అంటారు. బండి లోపల పడుకుంటే మనకి పెట్రోలు వాసన, అదీగాక మాది అది కాదు. రెండోది ట్రైలర్. మూడోది, వెనక బంపర్ కింద ఉండే హిచ్‌లోకి ఇనప కేరియర్ దూర్చి, దాని మీద బండిని అడ్డంగా నిలబెట్టి కట్టేయడం. చూడ్డానికి ఇదే తేలిక. మావాడు ఇదే ఎంచుకున్నాడు.

వాడి లెక్క ఇదీ. హిచ్ మీద నిలువుగా మోయగల బరువు 500 పౌండ్లు అని రాసుంది. కేరియర్ మీద కూడా 500 అని రాసుంది. బండి 440. ఇంకా అరవై మిగులు! చదువుకున్నవాడు, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. కేరియర్ కూడా ఇనుమే అనీ, దానికీ వంద పౌండ్ల బరువుంటుందనీ, హిచ్ మోయాల్సింది రెండిటినీ అనీ వాడికి తట్టలేదు. నాకూ తట్టలేదు, అది వేరే సంగతి.

బండి కట్టడం మాత్రం బాగా కట్టాడు. ముందు చక్రం చాక్‌లో దిగేసి, హ్యాండిల్ దగ్గర మెత్తటి ఉచ్చులు వేసి, రాచెట్ పట్టీలు రెండు వైపులా లాగి, ముందు ఫోర్క్ సగం దిగే వరకూ బిగించాడు. పూర్తిగా దింపేస్తే సీళ్ళు పోతాయి, వదులుగా ఉంచితే గతుకులో పట్టీ ఊడుతుంది. ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. ఆర్‌వీ పొగగొట్టం తిన్నగా బండి టైరు మీదికి ఊదుతుంటే రెండు వందల మైళ్ళలో టైరు కమిలిపోతుంది. గొట్టానికి వంపు ముక్క తగిలించి పొగని కిందికి తిప్పాలి. ఇదీ చేశాడు.

మావయ్యగారు లుంగీ పైకి కట్టుకుని చుట్టూ రెండుసార్లు తిరిగారు. వెనకగా దూరం వెళ్ళి నిలబడి చూశారు.

"బండి వెనక్కి కూర్చుందిరా."

"నాన్నా, అది మీ తెనాలి డిపో బస్సు కాదు. ఫోర్డ్ వీ10 ఇంజను."

"ఇంజను ముందుందిగా. నేను వెనక సంగతి చెబుతున్నా."

అంతే, ఇక మాట్లాడలేదు. ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు.

స్నోక్వాల్మీ కనుమ దాటే వరకూ నేనే నడిపాను. స్టీరింగ్ హాయిగా, తేలిగ్గా ఉంది. ఎంత హాయిగా అంటే, నాకే అనుమానం వచ్చింది. కొండలు దిగాక ఎండిన నేల, గాలి. వాంటేజ్ దగ్గర కొలంబియా నది మీద పొడుగాటి వంతెన. ఆ దారిన తిరిగేవాళ్ళకి అక్కడి గాలి సంగతి తెలుసు. వంతెన ఇంకా రాకముందే మావయ్యగారు రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా అడిగారు.

"అల్లుడుగారూ, స్టీరింగ్ మీ మాట వింటోందా?"

"ఆఁ, వింటోందండీ" అన్నాను. అల్లుణ్ణి కదా.

వంతెన మధ్యలో పక్కనుంచి గాలి కొట్టింది. నేను స్టీరింగ్ తిప్పాను. ఏమీ జరగలేదు. ఒక్క క్షణమే, అరక్షణమే. తర్వాత ముందు చక్రాలకి రోడ్డు దొరికి బండి ఒక్కసారిగా అటు వెళ్ళింది, వెనక భాగం కుక్క తోకలా ఊగింది. పక్క లేన్‌లో ట్రక్కు హారన్ ఇంకా నా చెవుల్లో ఉంది. వెనక మా అబ్బాయి చేతిలో పళ్ళెం కింద పడింది. ఎవరూ ఏమీ అనలేదు. వంతెన దిగే దాకా నలభైలో పాకించాను.

తర్వాత వచ్చిన ట్రక్ స్టాప్‌లో కాటా ఉంది. ట్రక్కులు తూచుకునే కాటా మీద ఆర్‌వీని కూడా తూస్తారు. ఇరుసు ఇరుసుకీ విడిగా బరువు చీటీ ఇస్తారు. ముందు ఇరుసు 3,880, వెనకది 9,900, మొత్తం 13,780 పౌండ్లు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం ప్రకారం మొత్తం 14,500 దాకా మోయొచ్చు. "చూశావా, ఇంకా ఏడొందలు తక్కువే!" అన్నాడు మావాడు. అదే కాగితం మీద వెనక ఇరుసు హద్దు 9,600. అక్కడ మూడు వందలు ఎక్కువ.

బండి దించి మళ్ళీ తూచాం. ముందు 4,180, వెనక 9,160. ఇది చూసి ఇద్దరం నోరు తెరిచాం. బండి బరువు 440. అది వెనక ఇరుసు మీద వేసిన భారం 740. మిగతా 300 ఎక్కణ్ణుంచి వచ్చాయి? ముందు ఇరుసు నుంచి ఎత్తుకొచ్చింది. బండి కూర్చున్నది వెనక చక్రాలకి పన్నెండడుగులు అవతల, కాబట్టి వెనక చక్రాలు ఇరుసుగా ఆర్‌వీ మొత్తం ఏతాంలా పని చేసింది. అందుకే స్టీరింగ్ అంత హాయిగా ఉంది.

మావయ్యగారు చీటీ చూడలేదు. "ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి వేస్తే ఏమవుద్ది? కాడి లేచి ఎడ్ల మెడకి ఉచ్చు పడుద్ది. దీనికి తూకం ఎందుకు?" అన్నారు. ఆయన ముందే చెప్పారు కదా అని మా ఆవిడ అన్నది నాతో, వాడితో కాదు. తమ్ముడు కదా.

ఇక చేసేదేముంది? బావమరిది జాకెట్ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, హిమాలయన్ ఎక్కి మా వెనకాల వచ్చాడు. మోంటానా దాకా. ఆ బండి హైవే మీద డెబ్భైలో గంటల తరబడి పోవడానికి పుట్టినది కాదు. ఐడహో కొండల్లో వాన పట్టుకుంది. సెయింట్ రీజిస్ దగ్గర ఆగినప్పుడు వాడి వేళ్ళు కాఫీ కప్పు చుట్టూ వంగలేదు. దారి పొడవునా మావయ్యగారు పక్క అద్దంలోంచి చూపు మరల్చలేదు. "లైటు కనబడుతోంది" అని మధ్యమధ్య వాళ్ళ అమ్మాయికి చెబుతూనే ఉన్నారు.

క్యాంపుకి చేరాక బండి విలువ తెలిసింది, అది కాదనను. పాలు, మందులు, మా అబ్బాయికి చెప్పులు, అన్నీ రెండు చక్రాల మీదే వచ్చాయి. ఆర్‌వీ కదల్లేదు. అసలు తగాదా మూడో రోజు రాత్రి వచ్చింది.

"రేపు నాన్నని వెనక కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళతా" అన్నాడు వాడు.

మా ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, నాన్నగారికి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు తెచ్చింది. మినహాయింపుల జాబితాలో మోటార్‌సైకిల్ ఉంది. నడిపినా, వెనక కూర్చున్నా. డెబ్భై ఒకటో ఏడు, మార్చిన మోకాలు. ఏదైనా అయితే ఆసుపత్రి బిల్లు మా ఇళ్ళు రెండూ అమ్మినా తీరదు. "డబ్బు సంగతి కాదు" అన్నాడు వాడు. "డబ్బు సంగతి కాదని నాకు తెలీదా?" అంది ఆవిడ. వాడు ఆ కాగితాలు బల్ల మీద పడేశాడు. తల్లిదండ్రుల్ని రప్పించుకునే మీరు కూడా ఆ జాబితా ఒకసారి తీసి చదువుకోండి. మేం కొన్నప్పుడు చదవలేదు.

మావయ్యగారు బయట కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. కాసేపటికి, "నేను బస్సులో వస్తాలేరా" అన్నారు.

గ్లేసియర్‌లో ఎర్ర బస్సులు ఉన్నాయి. 1930ల చివర్లో వైట్ కంపెనీ చేసినవి, గుడ్డ టాపు చుట్టేస్తే ఆకాశం కనిపిస్తుంది. వాటి డ్రైవర్లని జామర్లు అంటారు. పాత గేర్లని దబాయించి వేసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఇది చెబితే మావయ్యగారు మొదటిసారి నవ్వారు. ఆయన, మా ఆవిడ, మరదలు, పిల్లవాడు దాంట్లో. నేనూ బావమరిదీ తెల్లవారకముందే బండి మీద, నేను వెనక.

ఆ దారి గురించి ఎక్కువ చెప్పను, ఫొటోలు చూసే ఉంటారు. కుడిపక్క లోయ, దానికి అడ్డం మోకాలి ఎత్తు రాతిగోడ. కారులో అయితే అద్దంలోంచి చూస్తాం. బండి మీద చలి, మంచు కరిగిన నీళ్ళ చప్పుడు, దేవదారు వాసన అన్నీ మీదికే వస్తాయి. లోగన్ పాస్ 6,646 అడుగుల ఎత్తు. అక్కడ పార్కింగ్ వేసవిలో పొద్దున్నే నిండిపోతుంది, అందుకే ఆ తెల్లవారుజాము ప్రయాణం. ప్రవేశం నియమాలు కూడా ఏటా మారుతున్నాయి, వెళ్ళేముందు చూసుకోండి. కొండమేకల్ని చూస్తూ, పులిహోర తింటూ, వణుకుతూ నాలుగు గంటలు కూర్చున్నాం. పదిన్నరకి ఎర్ర బస్సు వచ్చింది.

మావయ్యగారు దిగి, జామర్ చేయి పట్టుకుని ఊపి, తిన్నగా బండి దగ్గరికి వచ్చారు. స్టాండు మీదున్న దాని మీదికి మెల్లగా కాలు తిప్పి కూర్చున్నారు. కుడికాలు కిక్ కోసం వెతికింది. లేదు. గేరు కోసం వెతికింది. అక్కడ బ్రేకు. ఆయన కాలానికి బుల్లెట్ గేరు కుడివైపే. "అంతా అటూ ఇటూ చేశార్రా" అన్నారు. బావమరిది తాళం తిప్పి, బటన్ నొక్కి చూపించాడు. ఇంజను స్టార్టయింది. ఆయన కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు. మా ఆవిడ కాస్త దూరంలో కొండ వైపు తిరిగి నిలబడింది.

"చైను వదులైంది" అన్నారు కళ్ళు తెరిచి. దిగి వంగి చూశారు. నిజంగానే వదులైంది. వానలో అన్ని వందల మైళ్ళు వచ్చింది మరి.

తిరుగు ప్రయాణానికి కాలిస్పెల్‌లో మోటార్‌సైకిల్ ట్రైలర్ అద్దెకు తీసుకున్నాం. మొదటే చేయాల్సిన పని. ట్రైలర్‌కి దాని చక్రాలు దానికుంటాయి, బరువు అవే మోస్తాయి. బండిని ఇరుసుకి కాస్త ముందుగా నిలిపి, మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు హిచ్ మీద పడేలా చూసుకుంటే చాలు. చిక్కల్లా వెనక్కి తీయడంలోనే. ఆర్‌వీని ఎడమకి తిప్పితే ట్రైలర్ కుడికి పోతుంది. పెట్రోలు బంకుల్లో ముందునుంచి దూరి ముందుకే పోయే చోటు చూసుకోకపోతే ఇరుక్కుపోతారు.

మేం ఇరుక్కున్నాం. స్పొకేన్ దాటాక ఒక బంకులో, వెనక కార్ల వరస. చెమటలు పడుతుంటే మావయ్యగారు దిగి వెనక్కి వెళ్ళారు. "రానీ... రానీ... ఎడమ కొట్టు... ఎడమ అంటే నీ ఎడమరా... రానీ... హోల్డాన్!" అమెరికా వాళ్ళు కార్లలోంచి తలలు బయటపెట్టి చూశారు. బావమరిది చెప్పినట్టు తిప్పాడు. బయటపడ్డాం. ఆయన ఎక్కేముందు ట్రైలర్ దగ్గర ఆగి పట్టీ మీద చెయ్యేసి లాగి చూశారు, రాచెట్ ఇంకో పన్ను బిగించారు. వచ్చి ఆర్‌వీ పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేశారు.

"రైట్ రైట్."