ఏడవ రౌండునాటి గుద్దు

2019 నవంబరు 23వ తేదీ రాత్రి, లాస్ వేగస్ నగరమందలి ఎం.జి.ఎం. గ్రాండ్ ప్రాంగణమున, ఏడవ రౌండు ముగియుటకు ఇంక తొమ్మిది సెకండ్లు మాత్రమే మిగిలియుండగా, ఒక్క కుడిగుద్దునకు కూలిన లూయిస్ ఓర్టిజ్‌పై రెఫరీ కెన్నీ బేలెస్ పది లెక్కించి పోరు ముగిసినదని చేతులు ఊపినది మొదలు, అప్పటి డబ్ల్యు.బి.సి. హెవీవెయిట్ విజేత డియాంటే వైల్డర్ నిజముగా విద్య తెలిసిన ముష్టియోధుడా, లేక భగవంతుడిచ్చిన కుడిచేయి తప్ప మరేమియు లేని అదృష్టవంతుడా యను వాదము బాక్సింగ్ అభిమానుల నడుమ రగులుకొని నేటికిని చల్లారలేదు. వానికి ఆట రాదు, గుద్దు మాత్రమే వచ్చునని ఒక పక్షము వారందురు. ఎదిరిని నేల కరపించినవానికి ఆట రాదనుట ఏమి న్యాయమని రెండవ పక్షము వారు ప్రశ్నింతురు. ఇరువురును ఆ చివరి క్షణమునే మాటిమాటికి చూచి వాదించుకొనుచున్నారు గాని, దానికి ముందు నడచిన ఆరు రౌండ్లను ఓపికతో చూచినవారు అరుదు. ఆ గుద్దునకు సంబంధించిన రహస్యమంతయు ఆ ఆరు రౌండ్లలోనే యున్నదని నా దృఢవిశ్వాసము.

నిందించువారి మాటలో సత్యము లేకపోలేదు. ఇరువది యేండ్ల ప్రాయమువరకు వైల్డర్ చేతికి గ్లవ్స్ తొడిగి యెరుగడు. వెన్నుపూసల లోపముతో జన్మించిన కుమార్తె వైద్యమునకు ధనము కూర్చవలెనను పట్టుదలతో, అలబామా రాష్ట్రమందలి టస్కలూసా పట్టణమున వ్యాయామశాల గడప తొక్కి, మూడేండ్లయినను నిండకముందే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యపతకము గెలుచుకొన్న మనిషి ఆతడు. అంత త్వరితముగా ఎదిగినవాని విద్యలో అతుకులు కనబడక మానవు. ఆవేశము పుట్టినప్పుడు చేతులను వెడల్పుగా విసరును. విసరిన చేయి తగులకపోయిన యెడల అడుగు తడబడి తూలును. వెనుకకు జరుగునప్పుడు గడ్డమును కాచుకొనుట మరచును. ఎదుట నిలిచిన లూయిస్ ఓర్టిజ్ అట్టివాడు కాడు. క్యూబా దేశపు అమెచ్యూర్ శిక్షణలో పుటము పెట్టబడిన ఎడమచేతివాటము యోధుడు. తొందర యెరుగడు, వృథాగా ఒక్క అడుగైనను వేయడు. 2018 మార్చిలో బ్రూక్లిన్‌లో జరిగిన వీరి తొలిపోరున ఏడవ రౌండులో వైల్డర్‌ను కూలిపోవునంతవరకు తెచ్చినవాడు ఆతడే. పదవ రౌండులో ఓడినవాడును ఆతడే.

ఈ రెండవ పోరున ఆరు రౌండ్లు ముగియునప్పటికి న్యాయనిర్ణేతలలో ఇద్దరు ఓర్టిజ్‌కు 59, వైల్డర్‌కు 55 చొప్పునను, మూడవవారు 58, 56 చొప్పునను వేసియుండిరి. అనగా, ఆరింట అయిదు రౌండ్లు ఓర్టిజ్‌వే అని ఇద్దరును, నాలుగు ఆతనివే అని ఒకరును తలచినారన్నమాట. ఈ అంకెలను చూపియే, వైల్డర్ ఓడిపోవుచుండి అదృష్టముచేత గట్టెక్కినాడని విమర్శకులు తీర్పు చెప్పుదురు. ఆ ఆరు రౌండ్లలో ఆతడేమి చేయుచుండెనో చూచినయెడల మాత్రము ఆ తీర్పు నిలువదు. ఎడమచేతిని ముందునకు చాచి ఓర్టిజ్ కుడి గ్లవ్‌ను తాకుట, మెల్లగా క్రిందికి త్రోయుట, మరల వెనుకకు తీయుట, అరడుగు ఎడమకు జరుగుట; ఇంతియే. కుడిచేతిని తరచుగా పంపడు, పంపినను పూర్తి బలముతో పంపడు. పాయింట్ల లెక్క చూచువానికి ఇది సోమరితనముగా తోచును. కాని మ్రానును కోయుటకు ముందు వడ్రంగి నూలు పట్టి గీత తీసికొన్నట్లు, ఆతడు తన కుడిపిడికిలికిని ఓర్టిజ్ నుదుటికిని నడుమనున్న దూరమును ఆ ఎడమచేతితో కొలుచుకొనుచుండెను.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. కుడిచేతివాటము వాడును ఎడమచేతివాటము వాడును ఎదురెదురుగా నిలిచినప్పుడు ఇరువురి ముందుకాళ్లును ఒకేవైపున ఎదురుపడును. అప్పుడు మొదటివాని కుడిచేతికిని రెండవవాని ముఖమునకును మధ్య భుజము అడ్డురాదు, త్రోవ తెరచియుండును. ముందుకాలిని ఎదిరి కాలికి వెలుపలగా వేయగలిగినయెడల ఆ త్రోవ మరింత తిన్ననగును. ఈ సంగతి ఓర్టిజ్‌కును తెలియును గనుకనే చేతులు పైకెత్తి, మెడ వెనుకకు లాగి, ఆరు రౌండ్లు ఆ త్రోవను కాచుకొనెను. ఏడవ రౌండు చివర వైల్డర్ ఎడమచేయి అలవాటుగా మరల ముందునకు వచ్చినది. అదియు కొలతయేనని ఓర్టిజ్ తలంచియుండును. దాని వెంటనే, తిన్నగా, చిన్నదిగా, కుడిపిడికిలి నుదుటిపై పడినది. ఆతడు వెల్లకిల పడి, ప్రక్కకు ఒరిగి, మోకాళ్లపై నిలిచి లేవబోవుచుండగానే పది లెక్క ముగిసిపోయెను. ఆనాడు తూకములో ఓర్టిజ్ కంటె వైల్డర్ దాదాపు 17 పౌండ్లు తేలిక. దేహభారముచేత వచ్చిన గెలుపు కాదిది. దూరమును, క్షణమును ఎరిగిన గెలుపు. ఎదిరివారు 36 నిమిషములును పొరపాటు లేక పోరాడవలెను, తనకు రెండు సెకండ్లు చాలునని వైల్డర్ చెప్పెడి మాటను పలువురు గర్వోక్తిగా గ్రహించిరి. నాకది ఆతని పోరాట పద్ధతికి ఆతడే చెప్పిన భాష్యముగా తోచుచున్నది.

ఈ వాదము క్రొత్తదియు కాదు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్‌తో తలపడిన రాకీ మార్సియానో మొదటి రౌండులోనే నేల కూలి, ముగ్గురు నిర్ణేతల లెక్కలోను వెనుకబడి, పదమూడవ రౌండులో కొద్ది అంగుళముల దూరమునుండి విసరిన ఒకే ఒక్క కుడిగుద్దుతో విజేత యయ్యెను. వాల్కాట్ త్రాటికి చేయి తగుల్కొని మెల్లగా క్రుంగిపోయిన ఆ చిత్రము నేటికిని బాక్సింగ్ గ్రంథములలో అచ్చగుచున్నది. మార్సియానో మోటువాడని, కాలుచేతులకు పొందిక లేనివాడని ఆనాటి పండితులు పెదవి విరిచిరి. పొట్టిచేతులవానిని పొడుగువానిగా మార్చ జూడక, వంగి లోపలికి చొరబడు నేర్పునే ఆతనికి మప్పినవాడు శిక్షకుడు చార్లీ గోల్డ్‌మన్. ఆ మోటువాడే 49 పోరులలో ఒక్కటియు ఓడక, 43 నాకౌట్లతో విరమించెను. 1994లో 45 ఏండ్ల జార్జ్ ఫోర్‌మన్ కూడ తొమ్మిది రౌండ్లు వెనుకబడియుండి, పదవ రౌండులో మైకేల్ మూరర్‌ను ఇట్టి పొట్టి కుడిగుద్దుతోనే పడగొట్టెను. ఇన్నిమారులు జరిగినదానిని యాదృచ్ఛికమనుట సాహసము.

అట్లని వైల్డర్ భక్తుల వాదము నెగ్గినదని నేననను. ఓర్టిజ్ పోరు ముగిసిన మూడు నెలలకే, 2020 ఫిబ్రవరి 22న, అదే ప్రాంగణమున టైసన్ ఫ్యూరీ చేతిలో ఆతని విద్య మరియొక ముఖము బయటపడినది. వైల్డర్ గుద్దునకు చోటు కావలెను. ఎదిరి చేతికందు దూరమున నిలువవలెను. అడుగు ముందునకు పడవలెను. ఫ్యూరీ ఆ చోటే లేకుండ చేసెను. 273 పౌండ్ల దేహమును ముందునకు నెట్టుచు, మెడపై వ్రాలుచు, మొదటి గంటనుండియు వెనుకకు నడిపించెను. మూడవ రౌండులో ఒకమారు, అయిదవ రౌండులో ఒకమారు వైల్డర్ నేలపై బడెను. వెనుకకు నడచుచు గుద్దుటయు, కౌగిటిలో చిక్కినప్పుడు బలము దాచుకొనుటయు ఆతడు నేర్చినవి కావు. ఓర్టిజ్‌పై గెలుపునకును, ఫ్యూరీ చేతిలో ఓటమికిని కారణము ఒక్కటే; ఒక పనిని పరిపూర్ణముగా అభ్యసించి, తక్కినవానిని అరకొరగా విడిచిపెట్టుట.

తెలుగునాట మనము బాక్సింగ్‌ను ఎక్కువగా అమెచ్యూర్ కన్నులతో చూచుటకు అలవాటుపడినవారము. నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచినప్పుడు ఆ పోరులను చూచి మురిసిపోతిమి. అవి మూడేసి నిమిషముల మూడు రౌండ్లు. తొమ్మిది నిమిషములలో ప్రతి గుద్దునకును విలువ కట్టబడును. ఆరు రౌండ్లు కొలతకై వెచ్చించు వెసులుబాటు అందులేదు. నిఖత్ చురుకుతనమును, లోపలికి వచ్చి కొట్టి వెలుపలికి పోవు వేగమును మెచ్చిన కన్నులకు వైల్డర్ నిదానము విద్యగా కనబడకపోవుట సహజమే. పండ్రెండు రౌండ్ల పోరును అదే గజముతో కొలువరాదు.

ఆ పండ్రెండు రౌండ్ల నియమమైనను ఊరక వచ్చినది కాదు. పూర్వము ప్రపంచ పదవికై పదునైదు రౌండ్లు పోరాడెడివారు. 1982 నవంబరులో లాస్ వేగస్‌లోనే రే మాన్సీనీతో పోరాడిన కొరియా యువకుడు డుక్ కూ కిమ్ పదునాలుగవ రౌండులో కూలి, మెదడు గాయముతో నాలుగు దినములకు మరణించెను. ఆ పిమ్మటనే డబ్ల్యు.బి.సి. మొదలుగా సంఘములు మూడు రౌండ్లను తగ్గించినవి. తలపై తగిలిన గుద్దుచేత కలుగు నాకౌట్ అనగా పుఱ్ఱెలోని మెదడు ఒక్కసారిగా కదలి స్పృహ చెదరుటయే. చూడని గుద్దు మరింత కీడు చేయుట, మెడ కండరములు దానికి సిద్ధపడియుండకపోవుటచేతనే. నాకౌట్లను కీర్తించు అభిమానులు ఈ సంగతిని మరచుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

ఫ్యూరీతో జరిగిన ఆ పోరున, చెవినుండి నెత్తురు కారుచున్న వైల్డర్ త్రాళ్లకు ఒరిగి దెబ్బలు తినుచుండగా, ఏడవ రౌండులో శిక్షకుడు మార్క్ బ్రీలండ్ తువాలు విసరి పోరు నిలిపించెను. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకము పొంది, పిమ్మట వెల్టర్‌వెయిట్ ప్రపంచ విజేతయు అయినవాడు ఆతడు; ఏ గుద్దు ఎంతటిదో స్వదేహముతో నెరిగినవాడు. ఆతనిని ద్రోహియని అభిమానులు దూషించిరి. వైల్డర్ కొలువునుండి తొలగించెను. వైల్డర్ ఆ తరువాత 2021 అక్టోబరులో మరల ఫ్యూరీ నెదిరించి, నాలుగవ రౌండులో ఆతనిని రెండుమారులు పడగొట్టగలిగినాడనిన, పదునొకండవ రౌండుదాక నిలిచినాడనిన, ఆ తువాలు కాపాడిన దేహముతోనే కదా. టెక్నిక్‌ను గూర్చి వాదించు అభిమానులారా, ఆ రాత్రి రింగు చుట్టునున్న వారందరిలోను క్షణమును సరిగా కనిపెట్టినవాడు బ్రీలండ్ ఒక్కడే. ఆతనిపై వేసిన నిందను ఇప్పటికైనను ఉపసంహరించుకొనుడు.