బండి ఎప్పుడు వణుకుతున్నది?

సాంచ అదిరితే మా జాబర్ వెంటనే విప్పేటోడు కాదు. ఎప్పుడు అదురుతున్నదని ముందు అడిగేటోడు. మోటారు సైకిలుకూ అదే లెక్క, తమ్ముళ్లూ.

బండిని నిలబెట్టి, న్యూట్రల్‌లో రేజ్ చేయండి. అప్పుడు కూడా మామూలు కంటే ఎక్కువ వణికితే తప్పు ఇంజను దిక్కున్నది. దాన్ని పట్టి ఉంచే బోల్టులు ముందు చూపించండి. నడుస్తుంటేనే వణికితే చక్రాలు చూడాలె. గాలి తక్కువుండవచ్చు, స్పోకులు వదులై ఉండవచ్చు, రిమ్ము వంకరపోయి ఉండవచ్చు. పెద్ద స్టాండు వేసి చక్రం తిప్పితే వంకర కంటికే కనపడుతది. బ్రేకు పట్టినప్పుడే అదిరితే డ్రమ్మో డిస్కో చూపించాలె.

హ్యాండిలు ఊగుతుంటే మాత్రం రేపు చూద్దామనొద్దు. వెనక కూర్చునేది మన పిల్లలే.

మెకానిక్‌కు 'వణుకుతున్నది' అని చెప్పి ఊకోకండి, ఎప్పుడు వణుకుతదో చెప్పండి. అవసరం లేకుండ ఇంజను విప్పితే పోయేది మన జీతమే.