ఒక రూపాయి కలివికోడి

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి బొమ్మల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోబెడితే ఏమవుతుందో మొన్న మా చెన్నేకొత్తపల్లిలో తెలిసింది. "పర్యావరణాన్ని కాపాడమని చెప్పే తపాలా బిళ్ళ గీయండి" అని పిల్లలకు పోటీ పెట్టారు. బొమ్మలు తెలిసిన మేష్టారొకరు, నేనొకణ్ణి. నన్నెందుకు పిలిచారయ్యా అంటే, బిళ్ళ మీది మాటల్లో తప్పులు దిద్దడానికట!

నలభై దాకా వచ్చాయి. సగానికి పైగా భూగోళాలే. ఒక భూగోళం ఏడుస్తోంది. ఒకటి జ్వరం చూసే గొట్టాన్ని నోట్లో పెట్టుకుని పడుకుంది. ఇంకోదాన్ని రెండు చేతులు మోస్తున్నాయి. తక్కినవాటిలో ఒక పక్క పచ్చని చెట్టు, ఒక పక్క మోడు, కింద "చెట్లు నాటండి" అంటూ నాలుగు పంక్తుల నినాదం. పిల్లలు గీసింది పెద్ద డ్రాయింగు కాగితం మీద. పోస్టాఫీసులో ఇచ్చే బిళ్ళ రెండు వేళ్ళ వెడల్పు. ఆ కొలతకు కుదిస్తే ఏడ్చే భూగోళం కాస్తా వేరుసెనగ గింజ అయి కూర్చుంటుంది.

తపాలా బిళ్ళ సీసపద్యం కాదండీ, ఆటవెలది. ఉన్న కాస్త చోటులో ఒక్క మాటే చెప్పాలి. మన తపాలాశాఖవారికి ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. 1962లో వన్యప్రాణి వారోత్సవానికి ఖడ్గమృగాన్ని ఒక్కదాన్నే వేశారు. మరుసటి ఏడు అడవిదున్న, ఎర్రపాండా, ఏనుగు, పులి, సింహం – బిళ్ళకొక జంతువు చొప్పున అయిదు బిళ్ళలు. నినాదాల జోలికి పోలేదు.

ఈ మాట చెబుదామని మా అన్న కొడుకు ఆల్బం అడిగి తీసుకుని తరగతికి వెళ్ళాను. అందులో 1988 అక్టోబరులో విడుదలైన ఒక రూపాయి బిళ్ళ ఉంది. గోధుమ రంగు పిట్ట, పొడుగు కాళ్ళు, రొమ్ము మీద రెండు పట్టీలు. భూతద్దం చేతికిచ్చి "ఇదేమిటో చెప్పండి" అన్నాను. ఆల్బం చేతులు మారింది. ఒకడు కంజు అన్నాడు, ఒకతె ఉల్లంకి అంది. ఆ పిట్టను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

నిజానికి అది మన సీమ పిట్ట. జెర్డన్ అనే సైనిక వైద్యుడి పేరు పెట్టగా 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. 1900లో క్యాంప్‌బెల్ అనే ఆయన అనంతపురం దగ్గర చూశాడు. అనంతపురం మాకు ఎంత దూరం గనక! బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా వస్తుంది. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు దాని జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు వెతుకుతూ కడప జిల్లాకు వచ్చాడు. పల్లెల్లో పిట్ట బొమ్మ చూపించి అడుగుతూ పోయాడు. రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. పాపం, ఆ పిట్ట ఎన్నాళ్ళో బతకలేదు. 1988లో, బిళ్ళ వచ్చిన ఏడే, లంకమల అభయారణ్యం ఏర్పడింది.

పిట్ట దొరికింది బొమ్మ వల్ల, దాన్ని గుర్తుపట్టగల మనిషి వల్ల. ఆ మనిషికి అది జెర్డన్ గారి పిట్ట కాదు, కలివికోడి. ఇంగ్లీషు పేరు దాన్ని శాస్త్రానికి చూపినవాడెవరో చెబుతుంది. తెలుగు పేరు అదెక్కడుంటుందో చెబుతుంది. తెలుగు మేష్టరును గదా, నాకు అక్కడే మనసు పట్టింది. మన బిళ్ళల మీద పేర్లు హిందీలోనూ ఇంగ్లీషులోనూ వేస్తారు. అంచేత ఏ పొదల మధ్య ఆ పిట్ట బతుకుతోందో, ఆ పొదలు ఎవరి చేలగట్ల పక్కన ఉన్నాయో, వారికి తప్ప తక్కిన దేశమంతటికీ దాన్ని పరిచయం చేసినట్టయింది.

తరగతిలో నేను "కలివికోడి" అన్నానో లేదో, వెనక బెంచీ కుర్రవాడు లేచాడు.

"కలివి పండ్లు తెలుసు సార్. మా గుట్ట కింద కంపంతా అదే. సేతులంతా గీరకపోతాయి. పోయినేడు జేసీబీ పెట్టి అంతా తోసేసినారు సార్."

"ఎందుకురా?"

"ఊరికే కంప గదా సార్."

ఆ కంపలో కలివికోడి ఉండేదని నేననను. కాని, లంకమల దగ్గరా దాన్ని వెళ్ళగొడుతున్నది ఈ "ఊరికే కంప" అన్న మాటే. మధ్య మధ్య ఖాళీ ఉండే పలచని పొదల నేల కావాలి దానికి. పొద నరికి చేను చేసినా, పొదలన్నీ కొట్టి చిక్కగా చెట్లు నాటినా దానికి ఒకటే. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకే వచ్చింది. అభ్యంతరాలు లేచాక దారి మార్చారు. అంటే "చెట్లు నాటండి" అన్న మన నినాదం ఈ పిట్ట విషయంలో సగం తప్పు. మా పక్కనే కల్పవల్లి గుట్టలున్నాయి. టింబక్టు కలెక్టివ్ వారూ పల్లెలవారూ 1990ల నుంచీ కాపాడుతున్నారు. అక్కడి పచ్చదనంలో చాలా వరకు మంటలు రాకుండా చూస్తే తనంత తాను లేచిందే.

బిళ్ళ వేసినంత మాత్రాన పిట్ట బతుకుతుందా అంటారేమో. బతకదు. బట్టమేకపిట్ట మీద 1980లోనే బిళ్ళ వేశారు. కర్నూలు వైపు రోళ్ళపాడులో దాని కోసం అభయారణ్యమూ పెట్టారు. కొన్నేళ్ళుగా అక్కడ అది కంటపడటం లేదంటున్నారు. బిళ్ళ చేయగలిగింది పరిచయం. ఆ పరిచయం ఎవరికి చేస్తున్నామన్నది గీసేవాడు ముందు ఆలోచించుకోవాలి.

పిల్లలకు వారం గడువిచ్చి మళ్ళీ గీయమన్నాం, ఈసారి అసలు బిళ్ళ కొలతలోనే. భూగోళాలు తగ్గాయి. ఒకమ్మాయి ముళ్ళ పొద గీసి తెచ్చింది. నాలుగు తెల్లని పూలు, రెండు నల్లని పండ్లు, కింద తెలుగులో "కలివికోడి". అంతే. పిట్ట లేదు!

తోటి న్యాయనిర్ణేత కళ్ళజోడు సవరించుకుని, "పక్షేదమ్మా?" అన్నారు.

"అది రాత్రిపూట తిరిగే పిట్ట గదా సార్. నేను పగులు గీసినాను. లోపల పండుకోనుంది."

ఆయన పదికి నాలుగు వేశారు, నేను తొమ్మిది వేశాను. డబ్బు కడితే మన బొమ్మను బిళ్ళ పక్కన అచ్చువేసే "మై స్టాంపు" పద్ధతి తపాలాశాఖవారికి ఉంది. ఆ డబ్బెవరు కట్టాలన్నది ఇంకా తేలలేదు. ఈలోగా ఆ కాగితాన్ని వెనక బెంచీ కుర్రవాడు అడిగి తీసుకున్నాడు, వాళ్ళ నాయనకు చూపిస్తాడట.