షవర్ సోకు కాదు, నడుము నొప్పి సంగతి

మొన్న కోరుట్లలో మా చుట్టాల కొత్త ఇల్లు చూడటానికి వెళ్ళాను. ఎలివేషన్ అదిరింది. హాల్లో ఫాల్స్ సీలింగ్, బాత్రూంలో పళ్ళెమంత షవర్. తిప్పితే మాత్రం చిల్లు చెంబులోంచి కారినట్టు నాలుగు చుక్కలు! "ప్రెషర్ మోటర్ పెట్టాలంటున్నరు వదినా" అంది ఆ ఇల్లాలు. ఇంటాయన నవ్వి, "బకిటు ఉన్నది గదా, షవర్ లేకుంటే తానం కాదా?" అన్నాడు.

ఆ నవ్వుకు జవాబే ఇది.

అందరికీ కాదు అన్నా! మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఎన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారో నీకు తెలియదా? సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, జుట్టునిండా తంబాకు దుమ్ము. ఆ తల కడుక్కోవడానికి ఎన్నిసార్లు వంగి లేవాలో ఎప్పుడైనా లెక్కపెట్టావా? మా అత్తమ్మకు మోకాళ్ళు అరిగాక కుర్చీ మీద కూర్చోబెట్టి స్నానం చేయిస్తున్నాం. చెంబు ఎత్తడానికి ఆమె భుజం లేవదు. ఆమెకు షవర్ సోకా?

ఇక మోటర్ మాట. కొన్ని ఇళ్ళకు అది నిజంగానే కావాలి. కానీ జబ్బు చూడకుండా మందు రాయడమేమిటి? కరెంటు పోతే మళ్ళీ అవే నాలుగు చుక్కలు.

మొదట షవర్ తల విప్పి, వాల్వ్ తిప్పి చూడండి. ఉత్త పైపులోంచి నీళ్ళు ధారగా వస్తే తప్పు షవర్‌దే. బోరు నీళ్ళలోని సున్నం రంధ్రాలను మూసేస్తుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే చాలు. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు, మెరుపు పూత లేచిపోతుంది. కింది నల్లా బాగా వచ్చి, షవర్ పైపు మాత్రం సన్నగా వస్తే గోడలోని మిక్సర్ వాల్వ్ విప్పించండి. వేడినీళ్ళే సన్నగా వస్తే గీజర్ వైపు చూడండి. నీళ్ళు కాగే చోట సున్నం ఎక్కువ పేరుకుంటుంది. అన్నీ సన్నగానే వస్తే ట్యాంకు దగ్గరి వాల్వ్ సగమే తెరిచి ఉందేమో చూడాలి. అదీ కాకపోతే తప్పు ఇల్లు కట్టినప్పటిదే.

ఊరి నీళ్ళ ట్యాంకును అంత ఎత్తు స్తంభాల మీద ఎందుకు కడతారు? ఎత్తే ఒత్తిడి కనుక. పది మీటర్ల ఎత్తు నీళ్ళుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. మనమేమో స్లాబు మీదే ట్యాంకు పెడతాం. పై అంతస్తు షవర్‌కు, ట్యాంకుకు మధ్య మూడు నాలుగు అడుగులే. అంటే కిలోలో పదో వంతు! అందుకే కింది ఇంట్లో బాగా వచ్చే నీళ్ళు పై ఇంట్లో ఏడుస్తాయి. అదే ట్యాంకు మెట్ల గది పైన పెడితే ఇంకో ఏడెనిమిది అడుగులు కలిసొస్తాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు కాబట్టి, అది ముందే ఇంజనీరుకు చెప్పాల్సిన మాట.

రెండోది పైపు. ట్యాంకు నుంచే అరంగుళం పైపు, మధ్యలో పది మలుపులు. ఒక అంగుళం పైపులో అరంగుళం దానికంటే నాలుగింతల దారి ఉంటుంది. బాత్రూం దాకా లావు పైపు తెచ్చి, నల్లా దగ్గర సన్నం చేయాలి. టైల్స్ వేశాక ఈ తెలివి వస్తే గోడ పగలగొట్టాల్సిందే.

గేటు డిజైన్‌కు నాలుగుసార్లు కరీంనగర్ తిరుగుతారు. పైపు సైజు మేస్త్రీకి వదిలేస్తారు. రోజూ ఆ నీళ్ళతో బట్టలు పిండి, గిన్నెలు తోమి, పిల్లలకూ ముసలివాళ్ళకూ స్నానాలు చేయించే మనిషిని ఒక్క మాట అడగరు.

అడగకపోతే మనమే అడుగుదాం. ఇల్లు కడుతున్న చెల్లెళ్ళారా, స్లాబు పడకముందే రెండు ప్రశ్నలు వేయండి: "ట్యాంకు ఎంత ఎత్తులో పెడుతున్నరు? పైపు ఎంత లావుది?" "నీకెందుకు ఇవన్నీ" అంటే, బకిటు మోసేది నేనే కాబట్టి అని చెప్పండి.