403 ఎర్రర్ వచ్చిందని 777 కొడుతున్నారా? తాళం తీసి వీధిలో పెట్టినట్టే!

సైట్‌లో ఫొటో అప్‌లోడ్ కావడం లేదు. పేజీ ఓపెన్ చేస్తే '403 ఫర్బిడెన్'. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ టైమ్‌లో ఎవరో ఒకరు ఇచ్చే సలహా ఒకటే.. "777 పెట్టేయ్, అయిపోతుంది". చాలాసార్లు నిజంగానే పనైపోతుంది. అసలు ప్రమాదం అక్కడే.

ఇంతకీ ఏంటీ 777? లినక్స్ సర్వర్‌లో ప్రతి ఫైల్‌కూ మూడు అంకెల పర్మిషన్ ఉంటుంది. మొదటి అంకె ఓనర్‌కి, రెండోది గ్రూప్‌కి, మూడోది మిగతా అందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, రన్ చేయడానికి 1. మూడూ కలిపితే 7. అంటే 777 పెట్టాక ఆ సర్వర్‌లోని ఏ అకౌంట్ అయినా ఆ ఫైల్‌ని మార్చేయొచ్చు. ఏదో పాత ప్లగిన్‌లో చిన్న లోపం దొరికితే చాలు, హ్యాకర్‌కి మిగతా పని సులువైపోతుంది.

తప్పు చాలావరకు అంకెల్లో ఉండదు, ఓనర్ దగ్గర ఉంటుంది. డెవలపర్ రూట్ లాగిన్‌తో ఫైళ్లు కాపీ చేస్తే వాటి ఓనర్ రూట్ అవుతుంది. సైట్‌ని నడిపే అపాచీ మాత్రం వేరే యూజర్ పేరుతో రన్ అవుతుంది. ఉబుంటులో ఆ యూజర్ పేరు 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా'. పరాయివాళ్ల ఫోల్డర్‌లో అది రాయలేదు కదా! అందుకే ఫొటో ఎక్కదు. అప్‌లోడ్ ఫోల్డర్ ఒక్కదానికి ఓనర్‌ని మారిస్తే సరిపోతుంది. మిగతావాటికి ఫోల్డర్లు 755, ఫైళ్లు 644. వర్డ్‌ప్రెస్ సొంత గైడ్ చెప్పేదీ ఇదే.

777 పెట్టినా పనిచేయని కేసులూ ఉన్నాయి. ఫైల్‌ దాకా వెళ్లే దారిలో ప్రతి ఫోల్డర్‌లోకీ సర్వర్‌కి ఎంట్రీ ఉండాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ డిఫాల్ట్‌గా 750. సైట్‌ని అందులో పెడితే బయటి గేటు దగ్గరే ఆగిపోతుంది, లోపలి ఫైల్‌కి ఎన్ని ఏడులు పెట్టినా దండగే. రెడ్ హ్యాట్, ఫెడోరాల్లో అయితే ఎస్ఈలినక్స్ అనే ఇంకో కాపలా ఉంటుంది. కాబట్టి ముందు ఎర్రర్ లాగ్ చూడాలి, ఏ ఫైల్ దగ్గర ఆగిందో అందులోనే రాసి ఉంటుంది.

'ముందు అందరికీ ఇచ్చేద్దాం, తర్వాత చూద్దాం' అనే ధోరణి పెద్ద కంపెనీల్లోనూ ఉంది. 2023 సెప్టెంబర్‌లో బయటపడిన మైక్రోసాఫ్ట్ ఉదంతమే చూడండి. కంపెనీ ఏఐ రీసెర్చ్ టీమ్ కొన్ని ఫైళ్లు షేర్ చేసేందుకు గిట్‌హబ్‌లో లింక్ ఇచ్చింది. చదవడానికి మాత్రమే ఇవ్వాల్సింది పోయి ఫుల్ కంట్రోల్ ఇచ్చేశారు. అదీ ఒక్క ఫోల్డర్‌కి కాదు, మొత్తం స్టోరేజ్ అకౌంట్‌కి! విజ్ అనే సెక్యూరిటీ సంస్థ గుర్తించేసరికి 38 టెరాబైట్ల డేటా తెరిచి ఉంది. ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ బ్యాకప్‌లు, పాస్‌వర్డ్‌లు, 30 వేలకు పైగా టీమ్స్ మెసేజ్‌లు. లింక్ గడువు ఎప్పటిదాకా పెట్టారో తెలుసా? 2051. కస్టమర్ల డేటా బయటకు పోలేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

మన దగ్గర పోయింది మాత్రం సామాన్యుల డేటానే. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ రిపోర్ట్ ఇచ్చింది. అందులో రెండు ఏపీవే. ఒకటి చంద్రన్న బీమా, రెండోది ఉపాధి హామీ చెల్లింపుల రోజువారీ రిపోర్టుల సైట్. ఇక్కడ ఫైల్ అంకెల గొడవ లేదు, హ్యాకింగూ లేదు. ఎవరు ఏం చూడొచ్చన్న గీత గీయకుండా పేజీలు పెట్టేశారంతే. కూలి డబ్బు పడిందో లేదో చూసుకునే మనిషికి తన నంబర్ ఊరందరికీ కనిపిస్తోందని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నిర్లక్ష్యం ఖరీదు పెరిగింది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో సరైన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా పెనాల్టీ ఉంది. క్లౌడ్ కంపెనీలూ మారాయి. 2023 ఏప్రిల్ నుంచి అమెజాన్ ఎస్3లో కొత్త స్టోరేజ్ బకెట్లకు పబ్లిక్ యాక్సెస్ డిఫాల్ట్‌గానే బ్లాక్.

సొంత సర్వర్లలో మాత్రం ఆ పని మనిషే చేయాలి. ఇప్పటికే 777 కొట్టేసినవాళ్లు 'ఫైండ్' కమాండ్‌తో అలాంటి ఫైళ్లన్నీ వెతికి వెనక్కి మార్చాలి. ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి కొట్టి ఉంటే పాత పర్మిషన్లు ఎక్కడా సేవ్ కావు, అన్‌డూ బటన్ కూడా లేదు. ఒక్కో ఫోల్డర్ చూసుకుంటూ సరిచేయాలి, లేదా బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి.