పండ్లరసపు పొడులు

హైదరాబాదున హైటెక్ సిటీలో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు ఆ ప్రాంతపు కచేరీలలో స్త్రీలనేకులు పనిచేయుచున్నారు. ప్రొద్దుగూకి యిల్లు చేరి చింతపండు నానవేసి పిసుకు తీరిక లేనివారికి చింతపండు పొడి, ఉసిరిక పొడి, మామిడి పొడి పొట్లములు చేయూత యగుచున్నవి. సోదరీమణులారా, వీనిలో నేమి యున్నదో మనమెరుగవలదా?

కాయను ఎండబెట్టి దంచిన పొడి వేరు. రసమునుండి తీసిన పొడి వేరు. ఈ రెండవదానికై వడగట్టిన రసమును ఎత్తయిన ఉక్కు గదిలోనికి సన్నని తుంపరగా చిమ్ముదురు. అందులోనికి 150 మొదలు 200 డిగ్రీల వేడిగాలి వచ్చును. రసము మాడిపోదా యందురేమో! బొట్టు మిక్కిలి చిన్నది. నీరు ఆవిరియగునపుడు చల్లదనము కలుగును. వేసవిలో కూజానీరు చల్లబడుటయు నిందువలననే గదా. కొన్ని క్షణములలో బొట్టు ఎండి పొడియై రాలును. 1872లో అమెరికాలో శామ్యూల్ పెర్సీ యనునాతడు ఇట్టి విధానమునకు పేటెంటు పొందెను. నేటి పాలపొడి చాలవరకు ఈ తీరుననే తయారగుచున్నది.

అయితే పాలు లొంగినట్లు పండ్లరసము లొంగదు. పండ్లలోని చక్కెరలును పులుపులును వేడికి జిగురై గది గోడల కంటుకొనును. మామిడితాండ్ర చేతికంటు తీరు తలచుకొనిన చాలును. అందుచే మొక్కజొన్న లేక కర్రపెండలపు పిండినుండి చేసిన మాల్టోడెక్‌స్ట్రిన్ అను పదార్థమును రసములో కలుపుదురు. అది వేడికి మెత్తబడక పొడిని పొడిగా నిలుపును. తరచుగా పొట్లములో సగము వరకు నదియే యుండును.

ఇది విషము కాదు. నాలుకకు తీపియు అంతగా తెలియదు. కాని రక్తములో చక్కెరను గ్లూకోజువలెనే త్వరగా పెంచును. మధుమేహముగల అత్తగారికి ఉసిరిక మంచిదని యీ పొడిని రోజును నీళ్లలో కలిపి యిచ్చు కోడలు దీనిని తప్పక గమనింపవలెను. "చక్కెర కలుపలేదు" అని పొట్లము ముందువైపున నున్నంత మాత్రమున నమ్మరాదు, వెనుకవైపు చూడుడు. మన దేశపు చట్టము ప్రకారము, ఎక్కువ తూకముగల పదార్థము పేరు ముందు వ్రాయవలెను. మాల్టోడెక్‌స్ట్రిన్ మొదటను, పండు తరువాతను ఉన్నచో మీరు వెలయిచ్చి కొన్నదేమో తెలియును. వడగట్టుటలో పీచు పోవును. 'సి' విటమిను కొంత వేడికిని, కొంత నిలువలోను తరుగును.

చారునకు ఈ పొడి చాలునని మేమును ఒప్పుకొందుము. పులిహోరకు మాత్రము నానిన చింతపండే కావలెను!

వానకాలపు చెమ్మకు ఈ పొడులు త్వరగా గడ్డకట్టును. సీసాలో పోసి మూత బిగింపుడు. కాగుచున్న చారుపై సీసా వంపరాదు. ఆవిరి తగిలినచో మిగిలిన పొడి కూడ ముద్దయగును. పొడి చెంచాతో గిన్నెలోనికి తీసికొని, చన్నీళ్లతో కలిపి పోయుడు.