హోరు తగ్గితేనే స్వరం!

కోనసీమలో ఏ తీర్థానికి వెళ్లినా రాత్రి తొమ్మిది దాటాక ఓ పందిట్లో ఆర్కెస్ట్రా మొదలవుతుంది. కీబోర్డు, ప్యాడ్లు, డోలక్, బేస్ గిటార్... వీళ్లందరి మధ్యా గిటార్ వాయించే కుర్రాడొకడు ఉంటాడు. పాత మెలోడీ ఏదో ఎత్తుకుంటారు. చరణానికి ముందొచ్చే గిటార్ ముక్క మెత్తగా పలకాలని అతను మీట నొక్కి మెడ వైపున్న పికప్‌కి మారతాడు. అంతే! తీయగా రావలసిన ముక్క 'బుమ్ బుమ్' అంటూ ముద్దయిపోతుంది. బాక్సుల పక్కన కూర్చున్న పెద్దాయన చెవులు మూసుకుంటాడు. మైకుసెట్టు అతను గబగబా గిటార్ సౌండు తగ్గించేస్తాడు. ఇక ఆ రాత్రంతా స్టేజీ మీద గిటార్ ఉన్నా లేనట్టే!

మర్నాడు సలహాలు మొదలవుతాయి. 'ఆ పికప్ పీకేసి కొత్తది వేయించు' అంటాడొకడు. 'అసలా గిటారే మంచిది కాదు, వచ్చిన కాడికి అమ్మెయ్' అంటాడు ఇంకొకడు. నెలల తరబడి కూడబెట్టి కొనుక్కున్నవాడికి ఈ మాట ఎలా ఉంటుంది? ఒక్క సీజనులో నాలుగు ప్రోగ్రాములు పాడైతే అయిదోదానికి పిలుపు రాదు. బాధంతా అదీ. నిజానికి చాలాసార్లు గిటార్‌లో లోపమేమీ ఉండదు.

పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య బట్టలారేసే తాడు ఉంటుంది కదా. దాన్ని లాగి వదిలితే నడిమధ్యన జానెడు ఊగుతుంది. చెట్టు మొదట్లో వేలెడైనా కదలదు. గిటార్ తీగా అంతే. మధ్యకు దగ్గరయ్యే కొద్దీ దాని అసలు నాదం, అంటే లావుపాటి ఊపు, ఎక్కువ. చివర బ్రిడ్జి దగ్గర ఆ ఊపు చిన్నదై, సన్నని ఉపస్వరాల వాటా పెరుగుతుంది. వీణ వాయించేవారికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. గుర్రానికి దగ్గరగా మీటితే కంచు మోగినట్టు ఖంగుమంటుంది, మెట్ల వైపు జరిగి మీటితే గుండ్రంగా పలుకుతుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడైన కాకినాడ చిట్టిబాబు వీణని ఎన్ని గొంతులతో పలికించారో ఈ జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా?

పికప్ అంటే మరేం లేదు, అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తంత్రి కదిలితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది. అది తన నెత్తిమీద ఉన్న తీగ ముక్కనే వింటుంది. మెడ వైపు పికప్ ఉండేది తీగ పొడవులో ఇంచుమించు నాలుగో వంతు దగ్గర. అక్కడ ఊపు ఎక్కువ కాబట్టి దానికి వినిపించేదీ లావుగానే ఉంటుంది. పైగా గిటార్‌లో లావుతీగలో ఇనుమూ ఎక్కువే, ఊపూ ఎక్కువే. కాబట్టి సన్నతీగ కన్నా అది గట్టిగా అరుస్తుంది.

ఇక సెమీ హాలో గిటార్ల సంగతి. 1958లో గిబ్సన్ కంపెనీ ఇ.ఎస్.335 అనే గిటార్ని తెచ్చింది. అంతకుముందు పూర్తి బోలు గిటార్లుండేవి. సౌండు పెంచితే పెట్టె తనంతట తానే ఊగి 'ఊఁ' మని కూత పెట్టేవి. బోలు లేని చెక్క గిటార్లు కూత పెట్టవు గానీ కొందరి చెవికి ఎండుగా ఉంటాయి. 335లో ఉపాయమేమిటంటే, నడిమధ్యన నిలువునా ఓ కొయ్య దిమ్మ, దానికి రెండు పక్కలా మాత్రం బోలు. రెండు రకాల మంచీ వచ్చింది. బోలు ఉంది కనుక కింది స్వరాలకి కాస్త గుంజాటన కూడా మిగిలింది. ఆ తరహాలో తయారై మన బజారుకొచ్చే గిటార్లన్నిటికీ ఈ గుణం ఎంతో కొంత ఉంటుంది.

ఇదే చిక్కుని ఇంకో దారిలో గెలిచినవాడు మన పాలకొల్లు కుర్రాడే. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన ఆ ఊళ్లోనే 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ మాండొలిన్‌ని ఆరేళ్లప్పుడే చేతిలోకి తీసుకున్నాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు రుద్రరాజు సుబ్బరాజు గురువయ్యాడు. ఆయనకి మాండొలిన్ రాదు! ఆయన పాడేవాడు, పిల్లాడు దాన్ని తీగల మీద పట్టుకునేవాడు. అలా గొంతుని చూసి నేర్చుకున్న చెయ్యి అది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ, 1981లో మద్రాసులో, 1983లో ఏకంగా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో.

మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. ఒక్క మీటుకి రెండు తీగలు మోగుతాయి, నాదం చటుక్కున ఆగిపోతుంది. గమకం పలకాలంటే తీగ నిలవాలి, లాగితే లొంగాలి. శ్రీనివాస్ బోలు లేని ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నాడు. జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. మంద్రస్థాయి అందడానికి అయిదో తీగ చేర్చాడు. 'కరెంటు వాయిద్యంతో కర్ణాటక సంగీతమా?' అని మొదట్లో నొసలు చిట్లించినవాళ్లు లేకపోలేదు. వయొలిన్ కూడా పడమటి దేశాల నుంచి వచ్చిందేననీ, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల చేతుల మీదుగా మనదైందనీ వాళ్లకి గుర్తు రాలేదు కాబోలు.

ఆ అయిదో తీగ మాటే ఇక్కడ అసలు సంగతి. మాండొలిన్ తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. గిటార్ తీగ దాదాపు 63. అంత పొట్టి తీగ మంద్రంలో పలకాలంటే లావుగా ఉండాలి, లేదా వదులుగా. లావైతే బిరుసెక్కి ఉపస్వరాలు గతి తప్పుతాయి. వదులైతే గలగల కొట్టుకుంటుంది. ఈ రెంటి మధ్యా నిలబెట్టిన మంద్రాన్ని పక్కన మృదంగం మోగుతుండగా విడివిడిగా వినిపించడం ఎంత కష్టమో వాయించేవాళ్లకి తెలుసు. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకీర్ హుస్సేన్ తబలాల మధ్య 'రిమెంబర్ శక్తి' బృందంలో శ్రీనివాస్ వాయించిన రికార్డులు దొరుకుతున్నాయి. ఈసారి విన్నప్పుడు వేగం సంగతి పక్కన పెట్టి, ఆయన కిందికి దిగిన చోట్ల చెవిపెట్టి చూడాలి. 1998లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు. నలభై అయిదేళ్లే!

మళ్లీ మన ఆర్కెస్ట్రా కుర్రాడి దగ్గరికి వద్దాం. ఇంట్లో ఒక్కడే కూర్చుని వాయిస్తే ఆ పికప్ అమృతంలా ఉంటుంది. స్టేజీ మీదే పేచీ. ఎందుకంటే గిటార్ లావుతీగ సెకనుకి దాదాపు 82 సార్లు కంపిస్తుంది. ఆ పైనున్న నూటయాభై, రెండొందల ప్రాంతమంతా డోలక్‌ది, బేస్ గిటార్‌ది, కీబోర్డు ఎడమ చేతిది. ఒక్క గుమ్మంలోంచి నలుగురూ ఒకేసారి దూరితే ఏమవుతుంది? కాబట్టి ఇంట్లో సరిచేసుకున్న టోను స్టేజీకి పనికిరాదు. సరిచూసేది అందరితో కలిసి రిహార్సల్ చేసేటప్పుడే.

ముందు పైసా ఖర్చు లేని పని. ఆంప్లిఫయర్ మూలన, నేల మీద ఉందా? గోడలూ నేలా బేస్‌ని రెట్టింపు చేస్తాయి. దాన్ని మూలలోంచి లాగి కుర్చీ మీద పెట్టి, బేస్ నాబు తగ్గించాలి. సగం జబ్బు అక్కడే పోతుంది.

మిగతా సగానికి చిన్న స్క్రూడ్రైవర్ చాలు. పికప్‌కి రెండు కొసలా రెండు స్క్రూలుంటాయి. లావుతీగ వైపు స్క్రూ తిప్పి ఆ కొసని కిందికి దించాలి. ఒక్కసారే కాదు, అర చుట్టు తిప్పి, వాయించి, మళ్లీ అర చుట్టు. చివరి మెట్టు మీద తీగని నొక్కిపట్టి చూస్తే, తీగకీ పికప్‌కీ మధ్య మెడ వైపు రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఎడం ఉండటం మామూలు లెక్క. బేస్ ఎక్కువైతే లావుతీగ కింద ఇంకాస్త ఉన్నా తప్పులేదు. చాలామంది సౌండు బాగా రావాలని పికప్‌ని తీగకి ఆనేంత ఎత్తుతారు. అది రెండు రకాల చేటు. హోరు పెరుగుతుంది, పైగా అయస్కాంతం తీగని లాగేసి స్వరం వణుకుతుంది. కొన్ని పికప్‌లకి ఒక్కో తీగ కింద ఒక్కో చిన్న స్క్రూ ఉంటుంది. పికప్ దించాక సన్నతీగల కింది స్క్రూలు కాస్త పైకి తేవాలి. రెండు పికప్‌లూ మార్చి మార్చి వాయిస్తే సౌండు ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండాలి. అప్పుడు ఆపేయవచ్చు.

ఇంకో పొరపాటుంది. హోరుగా ఉందని గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తారు. మామూలు వైరింగులో వాల్యూమ్ తగ్గిస్తే ముందు పోయేది ట్రెబులే. ముద్ద ఇంకా ముద్దవుతుంది! అంతకన్నా పాతబడి మసకబారిన తీగలు మార్చడం మేలు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు సోల్డరింగ్ పని. పికప్ నుంచి వాల్యూమ్‌కి వెళ్లే వైరు మధ్యలో ఓ చిన్న కెపాసిటర్ వేస్తే అది లావు శబ్దాన్ని కొంత అడ్డుకుని సన్నదాన్ని పోనిస్తుంది. 4.7 నానోఫారడ్‌ది అయితే కొద్దిగా, 2.2 అయితే బాగా కోస్తుంది. రేడియోలు, టీవీలు బాగుచేసే షాపులో అడిగితే దొరికే వస్తువు, కొద్ది రూపాయలే. సెమీ హాలోలో మాత్రం ఓ ఇబ్బంది. వైర్లన్నీ ఆ పైనున్న సన్నటి కంతల్లోంచి బయటికి లాగి, మళ్లీ దారం కట్టి లోపలికి పంపాలి. ఓపిక లేనివాళ్లు దాని జోలికి పోకుండా తెలిసినవాడికి అప్పగించడమే నయం. ఏ స్క్రూ తిప్పే ముందయినా మొదట పికప్ ఎంత ఎత్తులో ఉందో కొలిచి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని గిటార్ పెట్టెలోనే పెట్టుకోవాలి. నచ్చకపోతే వెనక్కి తిప్పేసుకోవచ్చు.